ఈ చట్టము ఏనాటినుండి?

కక్షిదారు కాగితముల కట్ట విప్పి కూర్చుండగనే న్యాయవాది వేయు మొదటి ప్రశ్న "ఏమి జరిగినది?" అనునది. గడచిన ఐదారేండ్లలో మనదేశమున చట్టములు మారిన తీరు చూచినచో, ఆ ప్రశ్నకంటె ముందు వేయవలసిన ప్రశ్న మరియొకటి వచ్చి చేరినట్లు తోచును. "ఎప్పుడు జరిగినది?" అనునదే ఆ ప్రశ్న. క్రిమినలు చట్టములు మూడును ఒక్క రోజుననే మారినవి. ఆడుబిడ్డల ఆస్తిహక్కు విషయమున సుప్రీంకోర్టు తన పూర్వపు తీర్పును తానే త్రోసిపుచ్చినది. రోడ్డు ప్రమాదముల పరిహారమునకు ఒక గడువు వచ్చి పడినది. వర్తకుల దావాలకు, వినియోగదారుల ఫిర్యాదులకు క్రొత్త నిబంధనలు ఏర్పడినవి. వీనిలో ప్రతిదానికిని ఒక తేదీ గలదు. ఆ తేదీకి ఇవతల నున్నవానికి ఒక న్యాయము, అవతల నున్నవానికి మరియొక న్యాయము.

ఈ ప్రసంగము ముఖ్యముగా వృత్తిలోనున్న న్యాయవాదులను ఉద్దేశించినదే. అయినను ఇంటింట రేడియో వినువారు కూడ దీనికి చెవియొగ్గవలయునని కోరుటకు కారణము గలదు. సెక్షను న్యాయవాది పుస్తకములో ఉండును. తేదీ మాత్రము కక్షిదారు ఇంటిలోనే ఉండును. ఆసుపత్రి చీటిమీదనో, బ్యాంకువారి మెమోపైననో, తపాలా రసీదుపైననో, సెల్‌ఫోనులోని సందేశము ప్రక్కననో అది పడియుండును. దానిని భద్రపరచినవారే లేనినాడు ఎంతటి ప్లీడరైనను చేయగలిగినది స్వల్పము.

క్రిమినలు చట్టములతో ప్రారంభింతము. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు, 1872 నాటి సాక్ష్య చట్టము రద్దై, వాని స్థానమున భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినవి. 2023 డిసెంబరు 25న రాష్ట్రపతి ఆమోదము లభించినను, అవి అమలులోనికి వచ్చినది 2024 జూలై 1న. శిక్షాస్మృతిలోని 511 సెక్షనులు న్యాయ సంహితలో 358కి తగ్గినవి. అంకెలు తారుమారైనవి. హత్యకు 302 పోయి 103 వచ్చినది. మోసమునకు 420 పోయి 318 వచ్చినది. తెలుగునాట మోసగానిని "ఫోర్‌ట్వంటీ" అనుట ఏనాటినుండియో వచ్చుచున్న అలవాటు. సెక్షనును మార్చినంత సులభముగ ఆ మాటను మాన్పించుట పార్లమెంటుకైనను శక్యము కాదేమో.

అంకెలు మారుట పెద్ద చిక్కు కాదు. పాత, క్రొత్త సెక్షనుల పట్టిక నొకదానిని బల్లపై నుంచుకొన్నచో నాలుగు మాసములలో నోటికి వచ్చును. చిక్కంతయు రెండు చట్టములు ఏకకాలమున ప్రక్కప్రక్కన నడచుటలో నున్నది. ఒక ఇంటివారు తీర్థయాత్రకు పోయి, 2024 జూలై 5న తిరిగివచ్చి, తాళము పగిలియుండుట చూచి ఫిర్యాదు చేసిరనుకొందము. జూన్ 20 రాత్రి ఆ యింట చప్పుడు వింటిమని ప్రక్కయింటివారు చెప్పిరి. ఇప్పుడీ దొంగతనమునకు ఏ చట్టము? నేరము జూన్ నెలలో జరిగినది కనుక శిక్ష పాత శిక్షాస్మృతి ప్రకారమే. చేసిననాడు ఏ చట్టమున్నదో ఆ చట్టముననుసరించియే నేరము నిర్ణయింపబడవలయుననియు, ఆనాడున్న శిక్షకు మించి విధింపరాదనియు రాజ్యాంగము 20వ అధికరణమున శాసించినది. ఫిర్యాదు జూలైలో వచ్చినది కనుక దర్యాప్తు విధానము మాత్రము క్రొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారము. అనగా ఒకే ప్రథమ సమాచార నివేదికలో నేరము పాత పుస్తకమునుండి, నడక క్రొత్త పుస్తకమునుండి వచ్చినవన్నమాట. పలు హైకోర్టులు ఈ విభజననే ఆమోదించినవి.

ఇదే ఫిర్యాదు జూన్ 30న నమోదై యుండినచో దర్యాప్తు కూడ పాత పద్ధతినే సాగవలెను. జూలై 1 నాటికి పెండింగులో నున్న దర్యాప్తులు, విచారణలు, అప్పీళ్ళు 1973 కోడు ప్రకారమే ముగియవలయునని క్రొత్త సంహితలోని 531వ సెక్షను చెప్పుచున్నది. కావున తాలూకా కోర్టులలో పాత కోడు మరికొన్ని ఏండ్లపాటు బల్లమీద ఉండక తప్పదు. దానిని అటకమీదికి చేర్చిన న్యాయవాది తొందరపడినట్లే.

ఒక్కరోజున ముగిసిపోవు నేరములలో ఈ లెక్క తేలికయే. కాపురములోని వేధింపు అట్టిది కాదు. పాత చట్టమున 498ఎ అని పేరుమోసిన ఆ సెక్షను 1983లో చేర్చబడినది. ఇప్పుడది న్యాయ సంహితలో 85, 86 సెక్షనులుగా నున్నది. వేధింపు 2023లో మొదలై 2025 వరకు సాగినదనుకొన్నచో, జూలై 1కి ముందటి చేష్టలు ఏవి, తరువాతివి ఏవి అని విడదీసి వ్రాయని ఫిర్యాదు తొలినాటనే బలహీనపడును. "పెండ్లియైన నాటినుండి బాధించుచున్నారు" అను ఒక్క వాక్యముతో సరిపెట్టు అలవాటు మన గుమాస్తాలలో గలదు. ఆ బిడ్డ తల్లికి వ్రాసిన ఉత్తరములు, పంపిన సందేశములు, పుట్టింటికి తిరిగివచ్చిన రోజులు వరుసగా కూర్చి వ్రాయుటకు రెండు గంటలు పట్టును. ఆ రెండు గంటలు వెచ్చింపక తప్పదు.

శిక్షను పెంచు నిబంధన వెనుకకు పోరాదు. మేలుచేయు నిబంధన మాటయేమి? విచారణ ముగియక జైలులో మ్రగ్గుచున్నవారి విషయమున ఈ ప్రశ్న వచ్చినది. పాత కోడు ప్రకారము, నేరమునకు విధింపదగిన గరిష్ఠశిక్షలో సగముకాలము జైలులో గడపిన ముద్దాయి విడుదల కోరవచ్చును. క్రొత్త సంహితలోని 479వ సెక్షను, పూర్వము ఏ నేరమునను శిక్షపడనివానికి ఆ సగమును మూడవవంతుకు తగ్గించినది. మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని విధింపదగిన నేరములకు ఇది వర్తింపదు. ఒకటికి మించి కేసులలో విచారణ ఎదుర్కొనుచున్నవానికి కూడ ఈ విడుదల లేదు. 2024 జూలైకి ముందే అరెస్టయినవారికి ఈ మేలు లభించునా అని అడుగగా, లభించునని 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పినది. అర్హులైనవారి దరఖాస్తులను పైకి పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్లదనియు స్పష్టపరచినది. ఆ ధర్మాసనములో నొకరైన జస్టిస్ హిమా కోహ్లి అంతకుముందు 2021లో తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. జైలులో నున్నవాని అరెస్టు తేదీ ఇంటివారికి గుర్తుండును. కాని ఆ నేరమునకు గరిష్ఠశిక్ష ఎంతో వారికి తెలియదు. ఈ రెంటిని కలిపి లెక్కకట్టు పని న్యాయవాదిదే. ప్రతి జిల్లాలోను ఉచిత సహాయమునకు న్యాయసేవాధికార సంస్థ గలదు కనుక రుసుము లేదను సాకు కూడ చెల్లదు.

క్రొత్త విధానములో ఫిర్యాదుదారునకు కొన్ని గడువులు హక్కులుగా లభించినవి. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను, ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. ఈ-మెయిలు ద్వారా పంపినచో మూడు రోజులలోగా వచ్చి సంతకము చేయవలెను. నివేదిక ప్రతి ఉచితముగ ఈయవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది రోజులలోగా తెలియజేయవలెను. వాదనలు ముగిసిన ముప్పది రోజులలో, కారణము వ్రాసినచో నలుబదియైదు రోజులలో, సెషన్సు కోర్టు తీర్పు చెప్పవలెను. కాగితముమీద ఇవి చక్కని గడువులే. కోర్టులలో న్యాయాధికారుల ఖాళీలు నిండనిదే అవి ఎంతవరకు నిలుచునో చెప్పుట కష్టము.

అరెస్టు విషయములో వచ్చిన మార్పు మాత్రము కాగితముమీదిది కాదు. అరెస్టు చేయబడినవానికి కారణములు తెలుపవలయునని రాజ్యాంగము 22వ అధికరణమున మొదటినుండియు గలదు. నోటిమాటగ చెప్పితిమని పోలీసులనుట, చెప్పలేదని ముద్దాయి యనుట పరిపాటి. అక్రమ ధనార్జన నిరోధక చట్టము క్రింద చేయు అరెస్టులలో కారణములను వ్రాతపూర్వకముగ ఈయవలయునని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 3న చెప్పినది. ఆ తీర్పులో "ఇకమీదట" అని ఒక మాట పడినది. ఆ ఒక్కమాటపై వాదము మరల సుప్రీంకోర్టుకు వెళ్ళినది. అంతకుముందటి అరెస్టులకు ఆ నియమము వర్తింపదని 2023 డిసెంబరులో మరియొక తీర్పు వచ్చినది. రెండేండ్ల పిదప, 2025 నవంబరు 6న, ఈ నియమము ఏదో ఒక ప్రత్యేక చట్టమునకే పరిమితము కాదనియు, ప్రతి నేరమునందును కారణములను వ్రాసి ఈయవలయుననియు, వీలుకానప్పుడు ముందు నోటితో చెప్పినను రిమాండుకై మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచుటకు కనీసము రెండు గంటల ముందు కాగితము చేతికందవలయుననియు న్యాయస్థానము నిర్ణయించినది. ఆ కాగితము ముద్దాయికి తెలిసిన భాషలో ఉండవలెను. భీవండిలోనో సూరతులోనో మగ్గముపై పనిచేయు తెలంగాణ కార్మికుని అరెస్టు చేసినచో, అతనికి చదువరాని మరాఠీ లేక గుజరాతీ కాగితము చేతిలో పెట్టి నియమము తీరినదనుటకు ఇక వీలులేదు. నా దృష్టిలో ఇటీవలి క్రిమినలు తీర్పులలో సామాన్యునికి అన్నిటికంటె దగ్గరైనది ఇదియే.

ఇక సివిలు వ్యవహారములకు వత్తము. తేదీల తగవు తెలుగువారి ఇండ్లలో నలుబదియేండ్లుగా సాగుచున్నది. సమష్టి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానముగ కుమార్తెకు జన్మతః హక్కునిచ్చు సవరణను ఆంధ్రప్రదేశ్ శాసనసభ నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున చేసినది. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. ఆనాడు తెలంగాణ ప్రాంతము కూడ ఆ రాష్ట్రములోనిదే. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు ఈ బాట పట్టినది తరువాతనే. అయితే ఆ చట్టములో ఒక మెలిక ఉండినది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లియైపోయిన కుమార్తెకు ఆ హక్కు లేదు. ఆ సంవత్సరము వైశాఖములో తాళికట్టించుకొన్న అక్కకు లేని భాగము, మరుసటి వైశాఖములో పెండ్లియైన చెల్లెలికి వచ్చినది. ముహూర్తము పెట్టిన పురోహితునికి గూడ తెలియకుండ ముహూర్తముతో భూమి వచ్చుటయో పోవుటయో జరిగినదన్నమాట.

2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణ ఈ వివాహిత, అవివాహిత భేదమును తొలగించినది. వెంటనే మరియొక ప్రశ్న లేచినది. ఆనాటికి తండ్రి జీవించియుండవలెనా? ఉండవలెనని 2015లో ఇద్దరు న్యాయమూర్తుల తీర్పు. 2018లో వచ్చిన మరియొక తీర్పు, తండ్రి 2001లోనే మరణించిన కుటుంబములో కుమార్తెలకు భాగమిచ్చినది. రెండును ఇద్దరేసి న్యాయమూర్తుల తీర్పులే. క్రింది కోర్టులు ఏది పాటింపవలెనో తెలియక తికమకపడినవి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సందిగ్ధమును తీర్చినది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా అందులో కూర్చుండిరి. జస్టిస్ నజీర్ పదవీవిరమణానంతరము 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులైరి. కుమార్తె హక్కు పుట్టుకతో వచ్చునదే గాని తండ్రి ఆయువుతో ముడిపడినది కాదని వారి నిర్ణయము. ఈ చట్టము వెనుకకు నడచునది కాదు, వెనుక జరిగిన జననమను సంఘటనను ఆధారముగ గైకొని 2005 నుండి హక్కు నిచ్చునది అని వారు చేసిన వివేచన న్యాయవాదులు జాగ్రత్తగ చదువదగినది.

ఇందులోను ఒక తేదీ దాగియున్నది. ఆ సవరణ బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడిన 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన అమ్మకములు, విల్లులు, పంపకములు చెదరవు. అయితే పంపకమనగా రిజిష్టరైన దస్తావేజు లేక కోర్టు డిక్రీ. మన గ్రామములలో పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితముపై వ్రాసికొన్న పారీఖత్తులు వేలకొలది గలవు. కొన్ని కుటుంబములలో ఆ కాగితము కూడ లేదు, నోటిమాటయే. ఇట్టి నోటి పంపకమును, ప్రభుత్వ రికార్డులవంటి గట్టి ఆధారముతో ఋజువైన అరుదైన సందర్భములలో తప్ప, అంగీకరింపరాదని తీర్పు చెప్పుచున్నది. కేసు వచ్చిన పిదప పాత తేదీ వేసి పారీఖత్తు పుట్టించు విద్య మనకు క్రొత్తది కాదు గనుక ఈ కట్టుబాటు సమంజసమే. ప్రాథమిక డిక్రీ వచ్చినంత మాత్రమున దావా ముగిసినట్లు కాదనియు, తుది డిక్రీ వచ్చులోగా చట్టము మారినచో భాగములను తిరిగి లెక్కింపవచ్చుననియు 2011లోనే ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఏండ్ల తరబడి అటకమీద నున్న భాగపరిష్కారపు దావా కట్టలను దించి, తుది డిక్రీ ఐనదో లేదో చూచుట మంచిది.

"దానికి కట్నమిచ్చితిమి, పసుపు కుంకుమల క్రింద అరయెకరము కూడ వ్రాసితిమి, ఇంకేమి భాగము?" అని అన్నదమ్ములు అడుగుట కద్దు. ఇచ్చినది ఇచ్చినదే. అయినను కట్నమిచ్చిన కారణముచే జన్మహక్కు పోవునని ఆ చట్టమున ఎచ్చటను లేదు. మరియొక విషయము కూడ ఇక్కడ స్పష్టపరచుట అవసరము. ఈ చెప్పినదంతయు పిత్రార్జితమగు సమష్టి ఆస్తిని గూర్చియే. తండ్రి స్వార్జితమును ఆయన ఎవరికైనను విల్లు వ్రాయవచ్చును. విల్లు లేక గతించినచో 1956 చట్టము ప్రకారము కుమార్తెకు కుమారునితో సమభాగమే.

తేదీ మరచుటవలన కలుగు నష్టములలో అతి దారుణమైనది రోడ్డు ప్రమాదమునకు సంబంధించినది. 1988 మోటారు వాహనముల చట్టములో పరిహారపు దరఖాస్తునకు ఆరుమాసముల గడువు మొదట ఉండినది. తగిన కారణము చూపినచో ఏడాదివరకు అనుమతించెడివారు. 1994 నవంబరు 14 నుండి ఆ గడువును పూర్తిగ ఎత్తివేసిరి. ఇరువది యేడేండ్లపాటు గడువన్నది లేదు. ఒక తరము న్యాయవాదులు అట్లే అలవాటుపడిరి. 2019 సవరణ ఆరుమాసముల గడువును తిరిగి తెచ్చినది. అది అమలైనది 2022 ఏప్రిల్ 1 నుండి. ఈసారి ఆలస్యమును మన్నించు మాట కూడ అందులో లేదు.

మన ఇండ్లలో ఇంటిపెద్ద హఠాత్తుగ మరణించినచో ఏమి జరుగునో ఊహింపుడు. పదునొకండవ రోజు, పండ్రెండవ రోజు, మాసికములు. భార్య గడప దాటదు. కోర్టు ప్రసక్తి తెచ్చినవానిని పెద్దలు కసరుదురు. "సంవత్సరీకము వెళ్ళనిండు, తరువాత చూచుకొందము" అందురు. సంవత్సరీకము వచ్చునాటికి చట్టములోని గడువు తీరి ఆరుమాసములైయుండును. శోకమునకు మన ఆచారము ఏడాది ఇచ్చినది, శాసనము అర్ధసంవత్సరమే ఇచ్చినది. ఈ నిబంధన చెల్లుబాటు సుప్రీంకోర్టులో సవాలు చేయబడి, ఆలస్యమను ఒక్క కారణముచే దరఖాస్తులను కొట్టివేయరాదని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తరువు వెలువడినది. మధ్యంతర ఉత్తరువు తుది తీర్పు కాదు గనుక, దానిని నమ్మి ఆలసించుట తగదు.

ఆలస్యమైనవారికి చట్టములోనే ఒక మార్గము గలదు. దీనిని మనవారు తగినంతగ వాడుకొనుట లేదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమముల ప్రకారము, ప్రమాదము జరిగిన నలుబదియెనిమిది గంటలలో పోలీసు అధికారి తొలి నివేదికను ట్రిబ్యునలునకు, భీమా కంపెనీకి పంపవలెను. ఏబది రోజులలో మధ్యకాలపు నివేదిక, తొంబది రోజులలో వివరమైన నివేదిక అందవలెను. పోలీసు పంపిన ఈ నివేదికనే పరిహారపు దరఖాస్తుగ స్వీకరింపవలయునని 166వ సెక్షను నాల్గవ ఉపసెక్షను చెప్పుచున్నది. అనగా పోలీసువారు తమ పని సకాలమున చేసినచో, వితంతువు గడప దాటకయే ఆమె దరఖాస్తు ట్రిబ్యునలులో నున్నట్లు లెక్క. ఈ నియమములను కట్టుదిట్టముగ అమలుపరచవలయునని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశించినది. కనుక మోటారు ప్రమాదపు కేసు చేపట్టిన న్యాయవాది ఆసుపత్రికంటె ముందు ఠాణాకు పోయి, ఆ నివేదిక వెళ్ళినదా, ఏ తేదీన వెళ్ళినది అని విచారింపవలెను. గుద్దిన బండి యేదో తెలియని కేసులలో మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేల రూపాయలు చెల్లించు పథకము కూడ అదే ఏప్రిల్ 1 నుండి ఉన్నది.

బాకీల తేదీలు ఇంతకంటె సూక్ష్మములు. చెక్కు వెనుకకు వచ్చినచో, ఆ సమాచారము అందిన ముప్పది రోజులలో నోటీసు, నోటీసు ముట్టిన పిదప చెల్లించుటకు పదునైదు రోజులు, అవి తీరిన నెలలోపల కోర్టులో ఫిర్యాదు. ఈ లెక్క పాతదే. 2018 సెప్టెంబరు 1 నుండి రెండు క్రొత్త సెక్షనులు చేరినవి. విచారణ సాగుచుండగనే చెక్కు మొత్తములో ఇరువది శాతము మించకుండ చెల్లించుమని ముద్దాయిని ఆదేశింపవచ్చునని ఒకటి. శిక్షపడినవాడు అప్పీలు చేసికొన్నచో కనీసము ఇరువది శాతము కట్టుమని ఆదేశింపవచ్చునని రెండవది. ఒకే సవరణలో పుట్టిన ఈ కవలలు వెనుకటి కేసులకు వర్తించునా? మొదటిది వర్తింపదనియు, రెండవది వర్తించుననియు 2019లోనే సుప్రీంకోర్టు వేర్వేరు తీర్పులు చెప్పినది. నేరము ఋజువుకాకముందే సొమ్ము కట్టించుట క్రొత్త భారము, శిక్షపడినవానివద్ద కట్టించుట వసూలు పద్ధతి మాత్రమే యని అందలి తర్కము. మొదటిది కూడ తప్పనిసరి కాదనియు, న్యాయమూర్తి విచక్షణకు లోబడినదనియు 2024లో మరియొక తీర్పు తేల్చినది.

ప్రామిసరీ నోటున్నవారు కోవిడు కాలమును మరువరాదు. 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును గడువుల లెక్కలో చేర్చరాదని సుప్రీంకోర్టు శాసించినది. 2018 మార్చిలో వ్రాసిన నోటునకు 2020 మార్చి 15 నాటికి ఏడాది మిగిలియుండెను. ఆ ఏడాది 2022 మార్చి 1 నుండి తిరిగి మొదలైనది. ఆ గడువు కూడ ఎన్నడో తీరినది గదా యందురేమో. గడువులోపల కొంత సొమ్ము చెల్లించి, బాకీదారు స్వహస్తముతో నోటు వెనుక చెల్లు వ్రాసియుండినచో, ఆ తేదీనుండి మరల మూడేండ్లు. నోటు ముందువైపే చూచి తిప్పిపంపిన ప్లీడరు, వెనుకవైపు చూచి దావా వేసిన ప్లీడరు ఇరువురును ప్రతి ఊరిలో ఉందురు.

వర్తక వ్యాజ్యములలో మూడు లక్షలకు తక్కువకాని దావా వేయుటకు ముందు మధ్యవర్తిత్వమునకు పోవలయునని 2018 సవరణ చెప్పినది. తక్షణ ఉత్తరువు కోరు దావాలకు మినహాయింపు గలదు. ఇది తప్పనిసరియని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ కేసులో తీర్పునిచ్చుచు, పాతవారు నష్టపోకుండ 2022 ఆగస్టు 20 నుండి మాత్రమే దీనిని కట్టుదిట్టముగ వర్తింపజేసిరి. వినియోగదారుల కేసులలో ప్రతివాది జవాబునకు ముప్పది రోజులు, అధికారి అనుమతిపై మరి పదునైదు. నలుబదియారవ రోజున వచ్చిన జవాబు చెల్లదని 2020 మార్చి 4న రాజ్యాంగ ధర్మాసనము చెప్పినది. 2019 వినియోగదారుల చట్టము 2020 జూలై 20న అమలైనది. ఫిర్యాదుదారు తాను నివసించు చోటనే కేసు వేసికొను వీలు అందులో గలదు. ఆ తేదీకి ముందు దాఖలైనవి పాత ఫోరములలోనే ముగియవలెను.

ఇన్ని తేదీలు చెప్పితిమి. తేదీని కోర్టులో ఋజువుచేయుట యెట్లు? పూర్వము తపాలా ముద్రయు స్టాంపు కాగితపు వెనుకవైపును సాక్ష్యములు. నేడు సగము వ్యవహారము సెల్‌ఫోనులో జరుగుచున్నది. ఫోనులోని సందేశమును కాగితముపై అచ్చువేసి దాఖలుచేసినంతమాత్రమున అది సాక్ష్యము కాదు, దానితోపాటు ధ్రువపత్రము ఉండి తీరవలయునని 2020 జూలై 14న జస్టిస్ నారిమన్ నాయకత్వముననున్న ధర్మాసనము స్థిరపరచినది. ఫోను యజమాని స్వయముగ బోనెక్కి ఆ ఫోనునే దాఖలుచేసినచో ధ్రువపత్రము అక్కరలేదు. క్రొత్త సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ఆ పత్రమునకు రెండు భాగములు ఏర్పరచినది. ఒకటి దాఖలుచేయువాడు పూరింపవలెను, రెండవది నిపుణుడు పూరింపవలెను. అందులో హ్యాష్ విలువ యను అంకెను వ్రాయవలెను. మనిషికి వేలిముద్ర యెట్టిదో కంప్యూటరు పత్రమునకు హ్యాష్ విలువ అట్టిది. అక్షరము మారినను అంకె మారిపోవును. కాబట్టి తగవు మొదలైనదని తోచిన నాటినుండి ఆ ఫోనును అమ్మివేయుట, పిల్లల ఆటలకిచ్చుట, సందేశములు తుడిచివేయుట మానవలెను. ఒకరినుండి ఒకరికి పంపుకొన్న ప్రతికంటె మొదట వచ్చిన ఫోనే విలువైనది.

మార్పులు ఇంతటితో ఆగలేదు. ఇరువది తొమ్మిది కార్మిక చట్టములను నాలుగుగా కూర్చిన స్మృతులు పార్లమెంటులో 2019, 2020 సంవత్సరములలోనే ఆమోదము పొందియు, 2025 నవంబరు 21న గాని అమలుకు రాలేదు. నిర్ణీతకాలపు ఉద్యోగికి ఏడాది సేవతోనే గ్రాట్యుటీ యను నిబంధన వానిలో నున్నది. ఆదాయపు పన్నునకు 1961 చట్టము స్థానమున 2025 చట్టము వచ్చినది. దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అంతకుముందటి సంవత్సరముల ఆదాయమునకు సంబంధించిన నోటీసులు, అప్పీళ్ళు 1961 చట్టము ప్రకారమే సాగును. నోటీసు చేతికందగనే అది వచ్చిన తేదీకంటె ముందు అందులో పేర్కొన్న సంవత్సరమును చూచి, తపాలా కవరుతో సహా న్యాయవాదికి ఈయవలెను.